వీధి లైట్లు ఆర్పేస్తే చుక్కలు కనిపిస్తాయా?

2019 మార్చి, ఏప్రిల్ నెలల్లో అమెరికాలోని ట్యూసాన్ నగరంలో ఒక ప్రయోగం జరిగింది. అరిజోనా ఎడారిలో ఉన్న ఈ ఊళ్లో వీధి లైట్లు దాదాపు 20 వేలు. వాటిని ఎల్ఈడీలుగా మార్చినప్పుడే, ఆఫీసులో కూర్చుని ఒక్కో లైటు వెలుగును పెంచే, తగ్గించే ఏర్పాటు కూడా చేసుకున్నారు. మామూలు రోజుల్లో చాలా లైట్లు సాయంత్రం 90 శాతంతో వెలిగి, అర్ధరాత్రికి 60 శాతానికి దిగుతాయి. ప్రయోగం కోసం అర్ధరాత్రి దాటాక కొన్ని రాత్రులు 30 శాతానికి దించారు, కొన్ని రాత్రులు 100కి పెంచారు. ఆ వేళకు నగరం మీదుగా వెళ్లే ఉపగ్రహం కింద నుంచి ఎంత వెలుగు వస్తోందో కొలిచింది.

లైట్లు ఎంత మారాయో తెలుసు. పై నుంచి కనిపించే వెలుగు ఎంత మారిందో తెలుసు. ఇక మిగిలింది లెక్కే. అర్ధరాత్రి తర్వాత ఉపగ్రహానికి కనిపించే మొత్తం వెలుగులో, మామూలు పద్ధతిలో వెలిగే వీధి లైట్ల వాటా 13 శాతం. రాత్రంతా తగ్గించకుండా ఉంచేసినా 18 శాతమే. మిగతాదంతా దుకాణాల ముందు లైట్లు, పార్కింగ్ స్థలాలు, హోర్డింగులు, ఆట మైదానాలు, గోదాములు, ఇళ్ల గేట్ల మీద లైట్లు.

మన ఊళ్లలో ఈ వాటాలు అచ్చం ఇలాగే ఉండవు. ట్యూసాన్ వీధి లైట్లు కిందికే చూస్తాయి, రాత్రి పెరిగేకొద్దీ తగ్గుతాయి. మన దగ్గర చాలా స్తంభాల మీద లైటు పైకి ఎత్తి బిగించి ఉంటుంది. కొన్ని మిట్టమధ్యాహ్నం కూడా వెలుగుతూనే ఉంటాయి. అయినా ఆ ప్రయోగం తేల్చిన అసలు సంగతి ఇక్కడా వర్తిస్తుంది. కాంతి కాలుష్యం అనగానే అందరి కళ్లూ మునిసిపాలిటీ స్తంభాల వైపు తిరుగుతాయి. నగరం మీద కమ్ముకునే వెలుగులో పెద్ద భాగం మాత్రం కార్పొరేషన్ బిల్లు కట్టే లైట్లది కాదు, ఎవరి ఆవరణలో వాళ్లు పెట్టుకున్నవి. వాటి మీద మన చట్టాల్లో పట్టించుకున్న దిక్కు లేదు. ఈ చిక్కుముడి విప్పాలంటే ముందు ఆకాశం ఎందుకు తెల్లబడుతుందో చూడాలి.

గాలిలో తిరిగే వెలుగు

ఒక లైటు పైకి వెలుగు వదిలితే అది నేరుగా అంతరిక్షంలోకి పోయి ఊరుకోదు. దారిలో గాలి అణువులకు, దుమ్ముకు, నీటి ఆవిరికి తగిలి చెదురుతుంది. చెదిరిన దాంట్లో కొంత మళ్లీ మన కళ్లలోకి దిగుతుంది. రాత్రి ఊరి మీద కనిపించే ఆ బూడిదరంగు మెరుపు ఇదే. చుక్కలు ఎక్కడికీ పోలేదు, వాటి వెనకున్న నలుపు పోయింది.

అన్ని దిక్కుల వెలుగూ ఒకేలా చెరుపు చేయదు. నిట్టనిలువుగా పైకి పోయేది దట్టమైన గాలిని త్వరగా దాటేస్తుంది. అడ్డంగా, క్షితిజానికి కాస్త ఎత్తులో పోయే వెలుగు మాత్రం పదుల కిలోమీటర్లు దుమ్ము పొరలోనే ప్రయాణిస్తుంది. దారి పొడవునా చెదురుతూనే ఉంటుంది. ఊరికి దూరంగా ఉన్న పల్లె ఆకాశాన్ని కూడా పాడు చేసేది ఎక్కువగా ఇదే. కొంచెం పైకి ఎత్తి బిగించిన ఫ్లడ్ లైటు సరిగ్గా ఈ వెలుగునే తయారు చేస్తుంది.

లైటును పూర్తిగా కిందికి తిప్పినా పని అయిపోదు, ఎందుకంటే నేల తిరగ్గొడుతుంది. తారు రోడ్డు తన మీద పడిన వెలుగులో దాదాపు పదో వంతు వెనక్కి పంపుతుంది. కొత్త సిమెంటు రోడ్డు మూడో వంతు వరకు పంపగలదు. మన కాలనీల్లో గత కొన్నేళ్లలో తారు పోయి సీసీ రోడ్లు వచ్చాయి. స్తంభం మీద లైటు మాత్రం పాత లెక్కతోనే, ఇంకా చెప్పాలంటే మరింత ఎక్కువ వాట్లతో ఉంటోంది. తెల్లటి రోడ్డుకు తక్కువ వెలుగు చాలు అన్న మాట రోడ్డు వేసే విభాగానికి, లైటు పెట్టే విభాగానికి మధ్య ఎక్కడా వినిపించదు. కాబట్టి దిక్కు ఎంత ముఖ్యమో, మొత్తం ఎంత అన్నదీ అంతే ముఖ్యం.

రంగు సంగతి ఇంకా పెద్దది. పగటి ఆకాశం నీలంగా కనిపించడానికి కారణమైన సూత్రమే రాత్రీ పనిచేస్తుంది: పొట్టి తరంగాలు ఎక్కువ చెదురుతాయి. 450 నానోమీటర్ల (తరంగం పొడవును కొలిచే అతి చిన్న కొలత) నీలి కాంతిని గాలి అణువులు 600 నానోమీటర్ల నారింజ కాంతి కంటే మూడు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. కరెంటు షాపులో ఎల్ఈడీ డబ్బా తిప్పి చూస్తే 3000 కె, 4000 కె, 6500 కె అని ఉంటుంది. ఆ కె అంటే కెల్విన్. అంకె పెరిగేకొద్దీ వెలుగులో నీలం పాలు పెరుగుతుంది. మన షాపుల్లో రంగు చెప్పకుండా ఎల్ఈడీ అడిగితే చేతికిచ్చేది మామూలుగా 6500. ఒకే వెలుగు ఇచ్చే రెండు లైట్లలో, ఆకాశాన్ని ఎక్కువ చెడగొట్టేది అదే.

నీలం మన ఒంటి మీదా పనిచేస్తుంది. చూపుకు సంబంధం లేకుండా, పగలా రాత్రా అన్నది మెదడుకు చెప్పే కణాలు కంట్లో ఉన్నాయి. అవి 480 నానోమీటర్ల దగ్గరి నీలానికి ఎక్కువగా స్పందిస్తాయి. పడుకునే వేళ ఆ వెలుగు తగిలితే నిద్రకు దారి చూపే మెలటోనిన్ ఆలస్యమవుతుంది. అమెరికా వైద్యుల సంఘం 2016లోనే, వీధి లైట్లు 3000 కెల్విన్ మించకుండా చూసుకోమని నగరాలకు సలహా ఇచ్చింది.

హుద్‌హుద్ తర్వాత మారిన రంగు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని చితక్కొట్టింది. స్తంభాలు వంగాయి, లైట్లు పగిలాయి. తిరిగి నిలబెట్టేటప్పుడు పాత సోడియం లైట్ల స్థానంలో ఎల్ఈడీలు పెట్టారు. కేంద్ర సంస్థ ఈఈఎస్ఎల్ దాదాపు 90 వేల లైట్లు మార్చింది. దేశంలో ఇంత పెద్ద ఎత్తున జరిగిన తొలి మార్పిడుల్లో అదొకటి. 2015 జనవరి 5న వీధి దీపాల జాతీయ కార్యక్రమం మొదలైంది, దేశమంతటా కోటికి పైగా ఎల్ఈడీలు స్తంభాలెక్కాయి. హైదరాబాద్‌లోనే 4 లక్షలకు పైగా మారాయి. కరెంటు ఆదా నిజం. పంచాయతీలకు, మునిసిపాలిటీలకు బిల్లుల బరువు దిగింది. ఆ పనిని నేను తక్కువ చేయను.

కానీ ఆ కొనుగోలులో చూసింది వాట్లు, ధర, గ్యారంటీ. వెలుగు రంగు గురించి ఆలోచించిన జాడ లేదు. పసుపు సోడియం పోయి నీలిమ తేలే తెలుపు వచ్చింది. అప్పట్లో నీలం ఎక్కువున్న ఎల్ఈడీ అదే వాట్‌కు కాస్త ఎక్కువ వెలుగిచ్చేది, చవగ్గానూ దొరికేది. ఇప్పుడు 3000 కెల్విన్ ఎల్ఈడీలు కూడా దాదాపు అంతే సమర్థంగా వస్తున్నాయి. ఈ లైట్ల ఆయుష్షు పదేళ్ల లెక్కన చూసుకుంటే, మొదటి విడత పెట్టినవి మార్చే వేళ వచ్చేసింది. మళ్లీ అదే టెండరు కాగితం కాపీ కొడితే మరో పదేళ్లు పోతాయి.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. రాత్రి వెలుగును కొలిచే ప్రధాన ఉపగ్రహ కెమెరాకు 500 నానోమీటర్ల కంటే పొట్టి వెలుగు కనిపించదు. అంటే నీలం దానికి చీకటే. ఒక నగరం పసుపు లైట్లు తీసేసి నీలం ఎక్కువున్న తెల్ల లైట్లు పెడితే, ఉపగ్రహం ఊరు చీకటి పడిందని నమోదు చేయగలదు. కింద నిలబడ్డ మనిషి కంటికి ఆకాశం ఇంకా తెల్లబడి ఉంటుంది. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ తేడాను బయటపెట్టింది. 2011 నుంచి 2022 దాకా ప్రపంచమంతటా మామూలు జనం ఆకాశం చూసి, తమకు ఏ చుక్కల వరకు కనిపిస్తున్నాయో పంపిన 51 వేలకు పైగా పరిశీలనలను లెక్క కట్టారు. ఆకాశం ఏటా సగటున 9.6 శాతం చొప్పున తెల్లబడుతోందని తేలింది. ఉపగ్రహాలు చూపించే పెరుగుదల 2 శాతం దగ్గర ఉంది. 9.6 శాతం అంటే, 250 చుక్కలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు 18 ఏళ్లు వచ్చేసరికి 100 మాత్రమే కనిపిస్తాయి. తేడా అంతా నీలానిది కాదు. హోర్డింగులు, గోడల మీది లైట్లు, కిటికీల్లోంచి అడ్డంగా పోయే వెలుగును పై నుంచి తిన్నగా కిందికి చూసే కెమెరా సరిగా పట్టుకోలేదు.

ఎల్ఈడీ చవకైనకొద్దీ వాడకం పెరగడం ఇంకో కారణం. ఒకప్పుడు వెయ్యి వాట్ల హాలోజన్ పెట్టాలంటే బిల్లు గుర్తొచ్చి ఆగేవాళ్లం. ఇప్పుడు అంత వెలుగు 150 వాట్లలో వస్తోంది కాబట్టి గేటుకు ఒకటి, గోడకు రెండు, పేరు బోర్డుకు నాలుగు అవుతున్నాయి. ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు కట్టేయని ఇల్లులా ఉంది మన వాడకం. నీళ్లయితే పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొడతారు, వెలుగు పొర్లితే ఎవరూ కొట్టరు.

వెలుగు ఎక్కువైతే భద్రత పెరుగుతుందా

కాంతి కాలుష్యం గురించి మాట్లాడితే వచ్చే మొదటి ప్రశ్న ఇదే, రావలసిన ప్రశ్న కూడా. రాత్రి డ్యూటీ ముగించుకుని ఒంటరిగా నడిచి వెళ్లే ఆడపిల్లకు పాలపుంత ముఖ్యం కాదు, దారి కనిపించడం ముఖ్యం. ఆ మాటను పక్కకు నెట్టి చుక్కల గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

పరిశోధనలు చూస్తే మొదట్లో ఒకదానికొకటి ఎదురు చెబుతున్నట్టు ఉంటాయి. ఇంగ్లండ్, వేల్స్‌లో 62 స్థానిక సంస్థల పరిధిలో వీధి లైట్లు తగ్గించిన, కొన్ని గంటలు ఆర్పిన చోట్ల లెక్కలు తీస్తే ప్రమాదాలు గానీ నేరాలు గానీ పెరిగిన ఆధారం దొరకలేదు. 2015లో ఆ నివేదిక వచ్చింది. న్యూయార్క్‌లో మాత్రం పేదల ప్రభుత్వ గృహ సముదాయాల్లో కొన్నింటిని లాటరీ పద్ధతిలో ఎంచి లైటు టవర్లు పెడితే, ఆరుబయట రాత్రిపూట జరిగే తీవ్ర నేరాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. రెండూ నిజమే. అప్పటికే చాలినంత వెలుగున్న చోట కొంత తగ్గిస్తే నష్టం కనిపించలేదు. వెలుగు చాలని చోట పెడితే లాభం కనిపించింది. మన నగరాల్లో ఈ రెండు రకాల వీధులూ పక్కపక్కనే ఉంటాయి. మెయిన్ రోడ్డు మీద పుస్తకం చదువుకోవచ్చు, దాని వెనక బస్తీ సందులో లైటు పోయి నెలలవుతుంది. రోడ్డు లైట్లకు మన దగ్గర ప్రమాణం ఉంది, ఐఎస్ 1944 అంటారు. పెద్ద రోడ్లకు సగటున 30 లేదా 15 లక్స్ (నేల మీద పడే వెలుగు కొలత), లోపలి వీధులకు 8 లేదా 4 లక్స్ చాలంటుంది. మెయిన్ రోడ్డు మీద అదనంగా పడుతున్నది బస్తీకి మళ్లిస్తే ఊరి మొత్తం వెలుగు పెరగకుండానే ఎక్కువమంది క్షేమంగా నడుస్తారు.

కళ్లు చెదిరే వెలుగు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే భద్రత పేరుతో భద్రతను పాడు చేసేది అదే. కంటి పాప ఎదురుగా ఉన్న అతి ప్రకాశానికి ముడుచుకుంటుంది, మిగతాదంతా నల్లబడిపోతుంది. వయసు పైబడినవాళ్ల కంటి కటకం మసకబారి, వెలుగు కంటి లోపలే చెదురుతుంది కాబట్టి వాళ్లకు ఇబ్బంది రెట్టింపు.

మా కాలనీలో ఒక అపార్టుమెంటు వాళ్లు గేటు పక్క గోడకు 100 వాట్ల ఫ్లడ్ లైటు బిగించారు. అద్దం రోడ్డుకు ఎదురుగా, నిలువుగా నిలబడింది. బండి మీద వచ్చేవాళ్లకు గేటు ముందున్న స్పీడ్ బ్రేకర్ కనిపించేది కాదు. గోడ వారగా ఎవరు నిలబడ్డా రోడ్డు మీంచి తెలిసేది కాదు. ఎదురింటి రెండో అంతస్తులో పెద్దాయన కిటికీకి దుప్పటి కట్టుకున్నారు. ఒక సాయంత్రం ఎలక్ట్రీషియన్ వేరే పని మీద వచ్చి ఉంటే, "అన్నా, ఆ బ్రాకెట్ నట్టు కొంచెం లూజు చేసి లైటు కిందికి వంచుతవా?" అని అడిగాను. "వంచితే వెలుగు తక్కువైతది గద సార్" అన్నాడు. ఒక్కసారి వంచి చూడమన్నాను. స్పానర్ తిప్పి, అద్దం పూర్తిగా నేలకేసి చూసేలా వంచాడు. స్పీడ్ బ్రేకర్ మీది తెల్ల చారలు, గోడ పక్కన పార్క్ చేసిన బండ్ల నంబర్లు, గేటు గడియ అన్నీ తేటగా కనిపించాయి. వాచ్‌మన్ రోడ్డు అవతలికి వెళ్లి చూసి, "గేటు కాడ ఎవలున్నరో ఇప్పుడు కనబడుతున్నది" అన్నాడు. ఆ తర్వాత అసోసియేషన్ వాళ్లు 100 వాట్లు తీసేసి 30 వాట్లది పెట్టారు. అది కూడా సరిపోయింది.

ఫ్లాగ్‌స్టాఫ్ ఏం చేసింది

ట్యూసాన్‌కు ఉత్తరాన, అదే అరిజోనాలో, 70 వేలకు కాస్త పైన జనాభా ఉన్న ఊరు ఫ్లాగ్‌స్టాఫ్. 1894లో అక్కడ లోవెల్ అబ్జర్వేటరీ, అంటే టెలిస్కోపులతో ఆకాశాన్ని గమనించే కేంద్రం పెట్టారు. 1930లో ప్లూటోను కనుగొన్నది అక్కడే. 1958లో ఈ ఊరు ప్రకటనల కోసం వాడే సెర్చ్ లైట్లను నిషేధించింది. ఆకాశంలోకి గిరగిరా తిరిగే ఆ లైట్లు మన దగ్గర ఇప్పటికీ నగల దుకాణం ప్రారంభోత్సవానికి, రిసెప్షన్లకు అద్దెకు తెస్తున్నవే. కాంతి కాలుష్యం మీద ప్రపంచంలో తొలి నగర నిబంధనగా దాన్నే చెబుతారు.

అసలు పెద్ద అడుగు 1989లో పడింది. ఫ్లాగ్‌స్టాఫ్ నగరం, దాని చుట్టూ ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) కలిసి, ఒక్కో ఎకరానికి ఎన్ని లూమెన్ల వెలుగు వాడొచ్చో పరిమితి పెట్టాయి. లూమెన్ అంటే లైటు నుంచి బయటికొచ్చే మొత్తం వెలుగు కొలత, ఇప్పుడు ప్రతి ఎల్ఈడీ డబ్బా మీదా ఉంటుంది. అబ్జర్వేటరీలకు దగ్గరి స్థలాలకు తక్కువ కోటా, దూరంగా ఉన్నవాటికి ఎక్కువ. ఈ పద్ధతి నాకు బాగా నచ్చడానికి కారణం ఉంది. ఏ లైటు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అని అధికారి వచ్చి చెప్పడు. నీ స్థలానికి ఇంత కోటా, ఎలా వాడుకుంటావో నీ ఇష్టం. కోటా పరిమితం కాబట్టి యజమానే ఆలోచిస్తాడు: ఈ లైటు ఆకాశానికి పోతే నాకు దండగ, నేలకు తిప్పితే నా పార్కింగ్‌కు పనికొస్తుంది. ట్యూసాన్ ప్రయోగంలో తేలిన ఆ పెద్ద వాటాను, అంటే ప్రైవేటు ఆవరణల వెలుగును, అదుపు చేసే మార్గం ఇంతకన్నా సూటిగా నేనెక్కడా చూడలేదు. బిల్డింగ్ పర్మిషన్ ఇచ్చేటప్పుడే లైట్ల ప్లాన్ కూడా చూస్తారు, కాబట్టి తర్వాత వెళ్లి తగువు పడాల్సిన అవసరం తగ్గుతుంది.

వీధులకు ఆ ఊరు దశాబ్దాల పాటు తక్కువ పీడన సోడియం లైట్లు వాడింది. నీలం అసలే లేని, ఒకే పసుపు రంగు వెలుగు అది. ఆ లైట్ల తయారీ ఆగిపోతుందని తెలిశాక తెల్ల ఎల్ఈడీలకు తల వంచకుండా, అంబర్ (నారింజ కలిసిన పసుపు) రంగు ఎల్ఈడీలను పరీక్షించి వాటి వైపు మళ్లింది. 2001లో ప్రపంచంలోనే తొలి అంతర్జాతీయ డార్క్ స్కై సిటీగా గుర్తింపు వచ్చింది. ఊళ్లో షాపులున్నాయి, హోటళ్లున్నాయి, యూనివర్సిటీ ఉంది, హైవే ఉంది. ఊరి లోపలి నుంచే పాలపుంత కనిపిస్తుంది.

ఫ్రాన్స్ ఇంకో దారి పట్టింది, సమయం మీద పరిమితి పెట్టింది. 2013 నుంచి అక్కడ దుకాణాల అద్దాల్లో లైట్లు, భవనాల ముఖాల మీది లైట్లు రాత్రి ఒంటి గంటకల్లా ఆర్పాలి. ఆఫీసుల్లో చివరి ఉద్యోగి వెళ్లిపోయిన గంటలోపు లోపలి లైట్లు ఆరాలి.

అబ్జర్వేటరీని వెతుక్కుంటూ వచ్చిన నగరం

హైదరాబాద్‌కు ఈ నష్టం కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఫిసల్‌బండలో నిజామియా అబ్జర్వేటరీ మొదలుపెట్టారు, తర్వాత అది బేగంపేటకు మారింది. ఆకాశమంతటినీ ఫొటోలు తీసి చుక్కల స్థానాలు నమోదు చేసిన అంతర్జాతీయ పనిలో దానికీ వాటా ఉంది. భారత ఖగోళ శాస్త్రానికి పెద్ద దిక్కుగా ఎదిగిన వైను బప్పు ఈ ఊళ్లోనే చదువుకున్నారు, ఆయన తండ్రి నిజామియాలో పనిచేసేవారు. బేగంపేట చుట్టూ ఊరు పెరిగి వెలుగు కమ్మేశాక, ఉస్మానియా విశ్వవిద్యాలయం నగరానికి దూరంగా జపాల్, రంగాపూర్ పల్లెల దగ్గర గుట్ట మీద 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. ఆ తర్వాత ఔటర్ రింగు రోడ్డు, విమానాశ్రయం, కాలనీలు అటు కదిలాయి, వాటి వెలుగు వాటికంటే ముందే గుట్ట ఎక్కింది. టెలిస్కోపును ఇంకా దూరం జరుపుతూ పోవడం పరిష్కారం కాదు. లడఖ్‌లోని హాన్లేలో 2022 డిసెంబరులో 1,073 చదరపు కిలోమీటర్లను డార్క్ స్కై రిజర్వుగా ప్రకటించారు, మంచి పనే. కానీ అది జనం పలచగా ఉన్న చోటును కాపాడుకోవడం. కోటి మంది ఉన్న ఊళ్లో వెలుగును సరిదిద్దడం వేరే పని.

మనుషులకే కాదు నష్టం. విశాఖ తీరంలో జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటికొస్తాయి. అన్నిటికంటే వెలుగ్గా ఉన్న దిక్కుకు నడవడం వాటి పుట్టుక తెలివి. చీకటి తీరంలో ఆ దిక్కు సముద్రమే అయ్యేది. బీచ్ రోడ్డు లైట్లు వెలిగిన చోట ఆ దిక్కు రోడ్డు. అటవీ శాఖ గుడ్లు సేకరించి హేచరీల్లో పెట్టి, పిల్లలను నీళ్లలో వదులుతోంది, లేకపోతే చాలా పోయేవి. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో తాబేళ్ల కోసం లైట్లు తక్కువ ఎత్తులో, పక్కలకు మరుగు కట్టి, 560 నానోమీటర్లు దాటిన అంబర్ లేదా ఎరుపు రంగులో ఉండాలని చెబుతారు. భీమిలి రోడ్డుకు ఆ మూడు మాటలూ అచ్చంగా సరిపోతాయి. నడిచేవాళ్లకు దారి కనిపిస్తుంది, తాబేలు పిల్ల దారి తప్పదు.

ఇక్కడ ఎక్కడ మొదలుపెట్టొచ్చు

మన దేశంలో కాంతి కాలుష్యానికంటూ విడిగా జాతీయ చట్టం లేదు. చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. శబ్దం విషయంలో 2000లో వచ్చిన నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్ స్పీకర్లు వద్దన్నాయి, పండుగలకు పరిమితంగా సడలింపు ఇచ్చాయి. అమలులో లోపాలున్నాయి గానీ, రాత్రి పదయ్యాక మైకు ఆపమని అడిగే హక్కు ఉందని ఇప్పుడు అందరికీ తెలుసు. వెలుగుకు కూడా అలాంటి గంట ఒకటి కావాలి. దీపావళి, బ్రహ్మోత్సవాలు, వినాయక చవితి పందిళ్ల జోలికి వెళ్లక్కర్లేదు, అవి కొన్ని రోజులే. సమస్య 365 రాత్రులూ తెల్లవార్లూ వెలిగే షాపు బోర్డుతో. మూసేసిన షాపు బోర్డు రాత్రి రెండు గంటలకు ఎవరి కోసం?

హోర్డింగులకు ఇప్పటికే కార్పొరేషన్ అనుమతి కావాలి. ఆ అనుమతి కాగితంలోనే లైట్లు పై నుంచి కిందికి పడాలని, డిజిటల్ తెర అయితే చీకటి పడ్డాక వెలుగు తగ్గాలని, రాత్రి 11కు ఆగాలని రాయొచ్చు. ఇప్పుడు చాలా హోర్డింగులకు ఫోకస్ లైట్లు కింద నుంచి పైకి ఉంటాయి, బోర్డు అంచు దాటిన వెలుగంతా ఆకాశానికే. వీధి లైట్ల విషయంలో హైదరాబాద్‌లో ఆన్, ఆఫ్ చేసే కేంద్రీకృత కంట్రోల్ ప్యానెళ్లు ఎప్పుడో వచ్చాయి. తర్వాతి విడత లైట్లలో అర్ధరాత్రి తర్వాత వెలుగు తగ్గించే డ్రైవర్లు (లైటులోకి వెళ్లే కరెంటును అదుపు చేసే పరికరాలు) అడిగితే మిగతా సరంజామా సిద్ధంగానే ఉంది.

ఇంటి స్థాయిలో పని ఇంకా తేలిక. కొత్త లైటు కొనేటప్పుడు 3000 కె లేదా అంతకంటే తక్కువ అడగాలి, షాపువాళ్లు వార్మ్ వైట్ అంటారు. స్తంభం మీదిదైనా, గోడ మీదిదైనా లైటు అద్దం నేలకు సమాంతరంగా ఉండాలి. పక్కింటి కిటికీలోంచి బల్బు నేరుగా కనిపిస్తుంటే అది వంకరగా ఉన్నట్టే. రాత్రంతా వెలగక్కర్లేని చోట మనిషి కదలికను గుర్తించే సెన్సర్ పెడితే చాలు. మార్పు ఉన్నట్టుండి కనిపించడం కూడా కాపలాకు మేలే, తెల్లవార్లూ వెలిగే లైటును ఎవరూ పట్టించుకోరు, టక్కున వెలిగినదాన్ని చూస్తారు.

అన్నిటికంటే తొందర పడాల్సింది కొత్త ఊళ్ల విషయంలో. అమరావతిలో రోడ్లు, భవనాలు మళ్లీ లేస్తున్నాయి. హైదరాబాద్‌కు దక్షిణాన ఫ్యూచర్ సిటీ పేరుతో ఇంకో నగరానికి ప్లాన్లు వేస్తున్నారు. ఫ్లాగ్‌స్టాఫ్ పాత ఊరిని పట్టుకుని ముప్పై ఏళ్లు సరిదిద్దుకుంది. ఈ రెండు చోట్లా స్తంభాలు ఇంకా చాలావరకు పాతలేదు. కాబట్టి టెండర్లలో 3000 కెల్విన్ పరిమితి, పైకి వెలుగు వదలని ఫిక్చర్, అర్ధరాత్రి తర్వాత తగ్గింపు రాయించడానికి, ప్లాన్ పర్మిషన్ దరఖాస్తులో ఎకరానికి లూమెన్ల గడి ఒకటి చేర్చడానికి అదనంగా పెద్ద ఖర్చేమీ ఉండదు. మాస్టర్ ప్లాన్ల మీద అభ్యంతరాలు, సలహాలు పిలిచినప్పుడు భూముల గురించి, రోడ్ల వెడల్పు గురించి వేల ఉత్తరాలు వెళ్తాయి. వాటిలో కొన్నైనా లైట్ల గురించి వెళ్లాలి.